తెలుగు చదవని కంపోజిటర్

దహనం అయిపోయి, అందరూ స్నానాలు చేసి ఇంటికి చేరాక టుంపా నాకు ఫోన్ చేసింది.

"కాకూ, జేఠూ నిన్న పొద్దున పోయారు. ఎండలో మీరు రాలేరని చెప్పలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఎండలో రాలేనా? ముప్పై ఎనిమిదేళ్ళు ఖిదిర్‌పూర్ ఓడల డాకులో కాలే ఇనుప రేకుల మీద నిలబడి బోల్టులు బిగించినవాణ్ణి. రాగలనో లేదో నన్నడిగితే నేను చెప్పుకోలేనా? నోటికొచ్చినట్టు తిట్టాను. అవతల ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినపడ్డాక ఆపాను. బెంగాలీలో కాకూ అంటే బాబాయి, జేఠూ అంటే పెదనాన్న. తండ్రి పోయిన పిల్లకి ఆయనే తండ్రి. తిట్టవలసింది ఆ పిల్లని కాదు. మరెవర్ని తిట్టాలో తెలియక ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆ పెదనాన్న నాకు దాదా, అంటే అన్న. పేరు రాయను. పెళ్ళికార్డుల్లో, శ్రాద్ధం కార్డుల్లో, ఎన్నికల కరపత్రాల్లో ఎన్ని వేల పేర్లు పేర్చాడో లెక్కలేదు కానీ, తన పేరు మాత్రం ఎక్కడా అచ్చు వేసుకోలేదు. ఇప్పుడు ఆయన వెనకాల నేను వేస్తే బాగుండదు.

ఆయన కలకత్తాలో తెలుగు కంపోజిటర్. ఆయనకు తెలుగు రాదు.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఎలా నిలబడ్డాయో నాకు ఇప్పటికీ వింతే. మాట్లాడటం రాదు, వింటే అర్థం కాదు, చదవడం అసలే రాదు. మా ఇద్దరి మాటలూ ఎప్పుడూ బెంగాలీలోనే నడిచాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అంతే తేడా.

లెఫ్ట్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చిన కొత్త రోజులు. మా సంఘానికి క్రిస్మస్ కరపత్రం వేయించే పని నా మీద పడింది. సంఘం అంటే యూనియన్ కాదు, చర్చి. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి డాకుకీ రైల్వేకీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబాలు మావి. తెలుగు అచ్చు వేసేవాళ్ళ కోసం ఊరంతా తిరిగితే ఎవరో భవానీపూర్‌లో ఒక సందు చెప్పారు. వెళ్ళాను. లోపల చీకటి. గోడ పొడవునా గళ్ళపెట్టెలు, గళ్ళనిండా సీసపు అక్షరాలు. చివర కిటికీ దగ్గర సన్నగా, పొడుగ్గా ఒకాయన. చెవి వెనక పెన్సిలు. టీ తాగి పారెయ్యాల్సిన మట్టి ముంతల్ని పారెయ్యకుండా కిటికీలో వరసగా పెట్టి, వాటిలో పెన్సిల్ ముక్కలు దాచుకున్నాడు.

నా కాగితం తీసుకుని, ఎదురుగా ఉన్న చెక్కకి తలకిందులుగా గుచ్చాడు.

"దాదా, కాగితం తిరగబడింది" అన్నాను.

"నిటారుగా ఉంటే నాకు కనపడదు" అన్నాడు, నా వైపు చూడకుండానే.

వేళాకోళం అనుకున్నాను. తర్వాత తెలిసింది. చేతిలో ఉన్న బద్దలో అక్షరాలు పేర్చేటప్పుడు అవి తలకిందులుగానే ఉంటాయి. ముప్పై ఏళ్ళు అలా చూసి చూసి, ఆయనకు ప్రపంచంలో అక్షరాలన్నీ అటువైపునుంచే పరిచయం.

ప్రూఫు ఇచ్చాడు. మూడుసార్లు చదివాను. నాకు తప్పులు పట్టడం ఒక జబ్బు. బడికి వెళ్ళనివాడికి ఆ జబ్బు కాస్త ఎక్కువగా ఉంటుంది. మా అప్ప మిషన్ బడిలో చదువుకుని, ఇంటికొచ్చి కీర్తనల పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పింది (అక్కను మేము అప్ప అంటాం). ఆ పైన పేపర్లూ, గోడలమీద రాతలూ, పొట్లాల కాగితాలూ చదివి నాకు నేనే చదువు చెప్పుకున్నాను. అలాంటి నాకు ఆ ప్రూఫులో ఒక్క తప్పు దొరకలేదు. నాకు కోపం కూడా వచ్చింది.

"తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోలేదు. రాదు."

"చదవడం?"

"ఒక్క అక్షరం పలకలేను."

నమ్మలేదు. అక్కడున్న కాగితం ముక్కమీద మా డాకులో వాడే ఒక పచ్చి బూతు తెలుగులో రాసి చేతికిచ్చాను. చదవగలిగినవాడైతే ముఖం మారాలి కదా. ఆయన దాన్ని తిప్పి పట్టుకుని, పెదాలు కదుపుతూ చూశాడు.

"పదకొండు సీసం ముక్కలు. దీన్ని కూడా కరపత్రంలో వెయ్యాలా?" అన్నాడు.

అప్పటినుంచి ఆ సందుకి పని ఉన్నా లేకపోయినా వెళ్ళేవాణ్ణి. ఈ మనిషి బుర్రలో మా అక్షరాలు ఏ రూపంలో ఉన్నాయో తెలుసుకోవాలని నాకు దురదగా ఉండేది. అడిగి అడిగి కొన్ని రాబట్టాను. వాటికి ఆయన పెట్టుకున్న పేర్లు ఉన్నాయి. 'అ' కూర్చున్న ముసలమ్మ. 'ల' చేపల గాలం. 'జ' ఈదుతున్న బాతు. 'ఘ' పీత. 'థ' కడుపుతో ఉన్న కోడలు, లోపల చుక్క ఉంది కాబట్టి. తలకట్టుకి మాత్రం పేరు లేదు. "అది దాదాపు అందరికీ ఉంటుంది, దానికి పేరెందుకు?" అనేవాడు.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ముఖ్యమంత్రికే తెలియదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో కంటికి చెయ్యి కనపడేది కాదు. మిషన్ ఆగిపోయేది, మిగతావాళ్ళు బీడీలకి బయటికెళ్ళేవాళ్ళు. ఈయన చెయ్యి మాత్రం ఆగేది కాదు. చీకట్లో టక్, టక్, టక్ అని సీసం బద్దలో పడే చప్పుడు వినపడేది. ఒకసారి ఒక ప్రొఫెసరుగారు, ఆంధ్రా నుంచి ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చినాయన, సభలో మా మాట విని "మీ తెలుగు చెడిపోయింది" అని జాలిపడ్డాడు. ఆయన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి ఈ చీకటి గదిలో నిలబెట్టాలనిపించింది. మా తెలుగు ఇదిగో, కళ్ళు మూసుకున్నా చెడిపోకుండా ఇక్కడ ఉందయ్యా అని.

ఆయనకి తెలుగు నేర్పాలని నేను పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. ఒక పలక, మా అప్ప దాచిన ఒకటో క్లాసు వాచకం పట్టుకెళ్ళాను. అప్పుడే నాకు 'మాస్టర్‌మొశాయ్' అని పేరు పెట్టాడు. మొశాయ్ అంటే గారు. బడి గడప కూడా తొక్కని నాకు, మాస్టారుగారు! పొగిడాడో వెక్కిరించాడో నాకు ఎప్పటికీ తేలలేదు.

పలక పక్కన పెట్టేసి అన్నాడు: "వద్దు మాస్టర్‌మొశాయ్. చదివేవాడు సగం చూసి మిగతా సగం ఊహించేస్తాడు. నేను ఊహించను. చూస్తాను."

"ఒక ముప్పై ఏళ్ళు ఒక భాషతో గడిపి, అందులో ఏముందో తెలుసుకోవాలని లేదా నీకు?"

"టపా ఇచ్చేవాడు ఉత్తరం విప్పుతాడా?"

ఈ మొండితనం ఖరీదు ఒక ఈస్టరుకి తెలిసింది. సూర్యోదయపు ఆరాధన. నేను తొందరలో 'ఉదయం' అనబోయి 'సాయంత్రం' అని రాసిచ్చాను. అలాగే అచ్చయింది. సగంమంది సాయంత్రం చీరలు కట్టుకుని వచ్చారు. అప్పటి మా అయ్యగారు (పాస్టరుని అయ్యగారనే అంటాం) అందరిముందూ నన్ను నిలదీశాడు. నేను తిన్నగా భవానీపూర్ పరిగెత్తి ఈయన మీద విరుచుకుపడ్డాను.

"సూర్యోదయం సాయంత్రం ఎక్కడైనా అవుతుందా? బుర్ర ఉన్నవాడు ఎవడైనా మార్చడూ?"

"మారుస్తాడు" అన్నాడు శాంతంగా. "రేపు మీ పేరు కూడా బాగాలేదని మారుస్తాడు. మార్చడం మొదలుపెట్టినవాడు ఎక్కడ ఆగాలో మీరు చెప్పగలరా?"

 ఆ ప్రశ్నతో నేను ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నాను.

కాలం మారింది. ఆ అచ్చాఫీసు మూతపడింది. సీసమంతా కరిగించేవాళ్ళు తూకానికి పట్టుకుపోయారు. అదే సందులో ఆయన తమ్ముడు కంప్యూటర్ పెట్టి పెళ్ళికార్డుల షాపు తెరిచాడు. తమ్ముడు పోయాక తమ్ముడి కూతురు టుంపా నడిపింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆ కీబోర్డు ముందు కూర్చుని ఒక రోజంతా ఊరికే చూశాడట. రెండో రోజు సాయంత్రానికి "ఇదీ గళ్ళపెట్టే" అన్నాడట. అప్పట్లో వచ్చిన తెలుగు ప్రోగ్రాముల్లో ఒక్కో మీట నొక్కితే ఒక్కో ముక్క పడేది. ఒకదానికి గుడి, ఒకదానికి కొమ్ము, ఒకదానికి వత్తు. ఆయనకి అది కొత్త పనే కాదు. ఏ గడిలో ఏ ముక్క ఉందో చేతికి తెలిస్తే చాలు.

మా భూస్థాపన పుస్తకం ఆయన చేత టైపు చేయించింది నేనే. సంఘంలో పోయినవాళ్ళని సమాధుల తోటలో ఎక్కడ పెట్టామో, ఏ వరస, ఏ నంబరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, అన్నీ పాత అయ్యగార్లు చేత్తో రాసిన పుస్తకం అది. చెదలు తినేస్తుంటే, విరిగిపోతున్న పేజీలు చూసి నేను తెల్లకాగితాల మీద ఎత్తిరాసి ఇచ్చాను. కొత్తగా వచ్చిన అయ్యగారు, గుంటూరు వైపు కుర్రాయన, "అంకెలు మామూలు ఇంగ్లీషు అంకెలు వేయించండి, అందరికీ తెలుస్తాయి" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. తెలుగువాళ్ళ చావులకి తెలుగు అంకెలు ఉండాలి అన్నాను. ఎవరికీ రాకపోతే నేర్చుకోమన్నాను. పట్టుబట్టి తెలుగు అంకెలే వేయించాను.

ఆ పని జరుగుతుండగానే ఒకసారి దాదా తల ఎత్తి అడిగాడు. "ఇంతమందిని దాచుకుంటారేం మీరు?"

"అంటే?"

"పని అయిపోయాక మేము టైపుని విప్పి ఏ గడిలోది ఆ గడిలో వేసేస్తాం. మా మనుషుల్నీ అంతే. నిప్పు, నీళ్ళు, గాలి, ఎవరిది వాళ్ళకి. మీరేమో పేజీగా కట్టిన ఫారం కట్టినట్టే ఉంచేస్తారు."

"మళ్ళీ ముద్రిస్తారని మా నమ్మకం" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. నవ్వి, "అయితే తప్పుల్లేకుండా ఉండాలి" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇక అప్ప పోయిన రోజు సంగతి.

మా అప్పకి పిల్లల్లేరు. బావ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. ప్రతి సమాధుల పండుగకీ వెళ్ళి, పువ్వులు పెట్టి, బావ తల దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడి వచ్చేది. చివరి ఆరేళ్ళూ మంచం పట్టింది. ఆ ఆరేళ్ళలో బావ చెక్క సిలువ పుచ్చి పడిపోయింది, గాలివానకి అక్కడి చెట్లు కూలిపోయాయి. చోటు నాకు తెలియదా అంటే తెలియదు. నేనూ ప్రతి ఏడూ వెళ్ళేవాణ్ణి, కానీ గేటు దగ్గర కమిటీవాళ్ళతో తగువు పెట్టుకునేసరికే నాకు పొద్దు చాలేది కాదు.

పోయేముందు వారం రోజులూ అప్పది ఒకటే మాట.

"ఒరే, నన్నెక్కడో పారీకండిరా. మీ బావ మీదే ఎట్టీండి. బతికినన్నాళ్ళూ నా మాటే పైన. ఆడా పైనే ఉంతాను."

"ఏటప్పా ఆ మాటలు? నీకేటయిందని?"

"నాకేటవుద్దో నాకు తెల్దా? మాటియ్యి ముందు. నీ తగువులు తరవాత ఆడుకుందువు గాని."

మాటిచ్చాను. మే నెలలో ఒక తెల్లవారుఝామున పోయింది. ఆ రోజు బంద్. ఎవరు ఎందుకు చేశారో గుర్తులేదు, ఈ ఊళ్ళో కారణం గుర్తుండేటంత తక్కువ బంద్‌లు జరగలేదు. బస్సు లేదు, ట్రామ్ లేదు, రోడ్డుమీద కుర్రాళ్ళు ఇటుకలు పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. సమాధుల తోట మాకు నడిచేంత దూరమే, శవానికి అడ్డు లేదు. కానీ తోట ఆఫీసుకి తాళం. తాళం ఉన్న గుమాస్తా లోకల్ రైలెక్కి రావాలి, రైళ్ళు లేవు. లోపల కాపురం ఉండే మాలీ ఒక్కడే ఉన్నాడు.

"చర్చి చీటీ తెండి. వరస, నంబరు, లోతు. రెండు పెట్టెల లోతు తవ్వినదైతేనే తెరుస్తాను. కానిది తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. అయిదింటికి గేటు మూసేస్తాను" అన్నాడు.

చీటీ రాయాలంటే పుస్తకం కావాలి. పాత పుస్తకం చెదల పాలయింది. టైపు చేయించి కట్టిన ప్రతి, అంతకు ముందటేడు వానకి చర్చిలో మోకాలెత్తు నీళ్ళు నిలిచినప్పుడు నాని గట్టి అట్టలా అయిపోయింది. నేను ఎత్తిరాసిన కాగితాలు టైపు అయ్యాక పారేశాం. మిగిలింది టుంపా షాపులో కంప్యూటర్లో ఉన్నదే.

అయ్యగారు మెల్లగా అన్నాడు. "అన్నా, ఎండ చూశారుగా. రేపటిదాకా అమ్మగారిని ఉంచలేం. వెనక వరసలో ఖాళీ ఉంది, అక్కడ చేసేద్దాం. దేవుడికి చోటుతో ఏం పని?"

"దేవుడికి లేదేమో. మా అప్పకి ఉంది" అని బయల్దేరాను. భవానీపూర్‌దాకా నడిచాను.

షాపు షట్టరు సగం దించి లోపల టుంపా ఉంది. దాదా మూల బెంచీమీద కూర్చున్నాడు. నాలుగురోజుల కిందట కంటికి ఆపరేషన్ అయింది. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ. స్క్రీన్ వైపు చూడకూడదని డాక్టరు చెప్పాడట, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సంగతి చెప్పాను. టుంపా ఫైలు తెరిచింది. తెరుచుకుంది. నేను ముందుకు వంగి చూశాను.

అంతా ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలైనా వరసగా లేవు. మధ్యలో డాలరు గుర్తులు, కుండలీకరణాలు, పిచ్చివాడు గోడమీద గీసిన గీతలు. పేజీలకి పేజీలు. మా మూడువందలమంది చచ్చినవాళ్ళు అందులో ఎక్కడున్నారో తెలియదు.

"ఏం చేశావమ్మా నా పుస్తకాన్ని?"

టుంపా ముఖం పాలిపోయింది. "నేనేం చెయ్యలేదు కాకూ. పాత సిస్టం దొంగ కాపీ. వైరస్ పట్టి రోజూ ఆగిపోతుంటే తీసేసి కొత్తది వేశాను. ఇది ఉచితంగా ఇస్తారు, దొంగది కాదు. ఇంగ్లీషువి, బెంగాలీవి బాగానే తెరుచుకుంటున్నాయి. తెలుగుది తెరిచి చూడాలని నాకు తట్టలేదు."

నేను ఆ పిల్లని, ఆ సిస్టంని, కంప్యూటర్ కనిపెట్టినవాణ్ణి, బంద్ పిలిచినవాణ్ణి వరసగా తిట్టాను. దాదా గోడవైపు నుంచే అన్నాడు.

"మాస్టర్‌మొశాయ్, ఆగండి. లోపల తెలుగు ఎప్పుడూ లేదు. నేను ఇంగ్లీషు మీటలే నొక్కాను. ఆ మీటలకి ఫాంటు తెలుగు చొక్కా తొడిగింది. చొక్కా పాత సిస్టంతో పోయింది. మనుషులు లోపలే ఉన్నారు."

"ఆ చొక్కా మళ్ళీ తేలేవా?"

"ఆ డిస్కు గీతలు పడి పనికిరాకుండా పోయింది" అంది టుంపా. "ఇంకొకటి కాలేజ్ స్ట్రీట్ వైపు ఒక షాపులో ఉంది. ఫోన్ చేశాను, ఎత్తడంలేదు. బంద్ కదా."

"పోనీ అంకెలైనా…" అనబోయి ఆగిపోయాను. మామూలు అంకెలైతే అలాగే కనపడేవి. బావ పోయిన తేదీ చూసి వరస పట్టుకునేవాణ్ణి. తెలుగు అంకెలు కావాలని పట్టుబట్టింది ఎవరు? అయ్యగారు ఎదురుగా లేకపోబట్టి బతికిపోయాను.

దాదా చెవి వెనక పెన్సిలు తీశాడు. "మీ బావగారి పేరు పెద్దగా రాయండి."

'దేవదానం' అని రాశాను. కాగితం తిప్పి, మంచి కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత కాగితం వదిలేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, లేని కీబోర్డు మీద వేళ్ళు ఆడించాడు. ఏ వేలు ఎక్కడ పడిందో చూసుకుని చెప్పాడు. "టుంపా, వెతికే చోట కొట్టు. చిన్న డి. తర్వాత పెద్ద వై. తర్వాత…"

టుంపా కొట్టింది. స్క్రీన్‌మీద మూడుచోట్ల పసుపు రంగు వెలిగింది.

"ముగ్గురున్నారు జేఠూ!"

దేవదానాలు మా సంఘంలో తక్కువ కాదు. ఎవరు మా బావో తేలాలంటే తండ్రి పేరు చదవాలి. ఆ తర్వాత జరిగినదాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. టుంపా స్క్రీన్ చూసి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివింది. పెద్ద కె, చిన్న ఎల్, డాలరు. గోడవైపు తిరిగిన ఆ మనిషి వింటూ, మోకాలిమీద వేలు ఒకసారి ఆడించి, ఆ మీటకి ఏ ముక్క పడుతుందో కాగితంమీద గీశాడు. నేను ఆయన భుజంమీదుగా వంగి చదివాను. ఆ గదిలో మా ముగ్గురిలో ఎవ్వరికీ విడిగా ఆ ఫైలు చదవడం రాదు.

మొదటి దేవదానం యాకోబు కొడుకు. కాదు. రెండోవాడి తండ్రి పేరు మొదలైంది. 'అ' పడింది. 'ప' పడింది. పవత్తు. 'ల'.

"అప్పలసామి!" అని అరిచాను. "మా బావే! పలాస అప్పలసామి కొడుకు!"

"అరవకండి, లెక్క తప్పుతుంది" అన్నాడు.

వరస వచ్చింది. ఏడు. నంబరు వచ్చింది. పందొమ్మిది. టుంపా ఇంకా కొంత ఉందంది. చదవమన్నాను. ఆ పిల్ల చదువుతోంది, ఆయన గీస్తున్నాడు, నేను చదువుతున్నాను.

'లోతుగా తవ్వించితిమి. భార్య కోరిక మీద పైన ఆమెకు చోటు ఉంచవలెను.'

ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను.

అప్ప ఇరవై ఏళ్ళ కిందటే, బావని పెట్టిన రోజే, అప్పటి అయ్యగారితో మాట్లాడి తన చోటు తను పెట్టించుకుంది. అది పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాన్ని నా చేత్తో నేనే ఎత్తిరాశాను. ఈ వాక్యాన్ని నేనే రాసి ఈయనకిచ్చాను. మూడువందల పేర్లు, మూడువందల వరసలు, చెయ్యి నొప్పెట్టి ఎప్పుడవుతుందా అనుకుంటూ రాశాను. అప్ప అడిగినదేమిటో కళ్ళముందే ఉన్నా నేను చూడలేదు.

దాదా పెన్సిలు ఆపాడు. నేను అక్కడే వేలు పెట్టి ఉండిపోవడం ఆయనకి వేరేగా తోచింది. కంగారుగా ఆ ఒంటికన్ను కాగితానికి ఆనించి పెట్టుకున్నాడు.

"ఏ అక్షరం తప్పు పడింది? చెప్పండి. నాలుగోదా? టుంపా, మళ్ళీ చదువు."

"ఏదీ తప్పు లేదు దాదా" అన్నాను. "ఒక్కటి కూడా."

ఆ కాగితమే చీటీ. తర్వాత దానికింద అయ్యగారి సంతకం పడింది. పక్కన మాలీ కోసం వరసా, నంబరూ, లోతూ హిందీలో నేను రాశాను. షాపు నుంచే దాదా నాతో బయల్దేరాడు. కంటికి ఎండ తగలకూడదని టుంపా ఏడ్చినంత పని చేసింది. "బంద్ రోజు ఎండ కూడా సెలవులో ఉంటుంది" అని గొడుగు తీసుకున్నాడు. ఆయన శవపెట్టె మొయ్యలేదు, పాట పాడలేదు, వెనకాల గొడుగుతో నడిచాడు.

ఏడో వరసలో పందొమ్మిది లెక్కపెట్టి మాలీ తవ్వడం మొదలుపెట్టాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. మోకాలు దిగింది. నడుము దిగింది. ఛాతీ దిగేసరికి పార అంచు దేనికో మెత్తగా తగిలింది. మాలీ వంగి చేత్తో తడిమి చూసి, మట్టి మళ్ళీ కప్పి, పైకి తల ఎత్తాడు.

"నీచే ఆద్మీ హై. ఊపర్ జగా హై."

కింద మనిషున్నాడు, పైన చోటుంది. నాలుగున్నరకి అప్పని దించాం. దాదా చెప్పులు దూరంగా విడిచి వచ్చి, పిడికెడు మట్టి మా అందరికంటే చివర్న వేశాడు.

జనం గేటువైపు కదిలారు. మాలీ చీటీని చొక్కా జేబులోంచి తీసి, రేపు గుమాస్తాకి చూపించాలని చెప్పాడు. దాదా అతని చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. చెమటకి పెన్సిలు గీత ఒకచోట చెదిరింది. అక్కడే ఒక రాతి సమాధి అంచుమీద కాగితం తలకిందులుగా పెట్టుకుని, చెవి వెనక పెన్సిలు తీసి, ఆ ముక్కని మళ్ళీ దిద్దుతున్నాడు. మాలీ తాళంచెవులు చప్పుడు చేస్తున్నాడు.

"వదిలెయ్యి దాదా" అన్నాను. "గుమాస్తా బెంగాలీవాడు. అది ఎవరు చదువుతారు?"

"చదవడం సంగతి తర్వాత" అన్నాడు తల ఎత్తకుండా. "ఆమెను మళ్ళీ ముద్రిస్తారన్నారు కదా మీరు. ఇది సరిగ్గా ఉండాలి."

గీత పూర్తిచేసి, పెన్సిలు పొడి ఊది, కాగితం మాలీకి ఇచ్చాడు.